పనిచేయు తల్లి - కట్టుబట్ట - ఇంటి పద్దు

(పల్నాటి పొదుపు సంఘముల సోదరీమణుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మన పల్నాటి సీమను గూర్చి శ్రీనాథ మహాకవి పేర ఒక చాటుపద్యము ప్రచారములో నున్నది. ఈ సీమకు వచ్చినచో అప్సరస కైనను నూలు వడుకుట తప్పదని కవి యందు పరిహాసమాడినాడు. హాస్యమునకు చెప్పిన ఆ మాటను మనము గౌరవముగానే స్వీకరింపవచ్చును. ఈ నేలలో స్త్రీ ఏనాడును ఊరక కూర్చుండలేదు. ఆమె వడికిన నూలు లోకమునకు బట్ట యైనది.

రాట్నము మూలబడినది గాని స్త్రీకి పని తగ్గలేదు. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడువబడెను. జొన్నయు సజ్జయు పండిన మెట్టచేలలో వరి, ప్రత్తి, మిరప పైరులు వచ్చి చేరినవి. వీనిలో ప్రత్తి తీయుటయు, మిరపకాయ కోయుటయు ముఖ్యముగా స్త్రీల చేతిమీదుగానే జరుగుచున్నవి. మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతములలో కోతల కాలమున తెలతెలవారుచుండగనే ఆటోలలో క్రిక్కిరిసి చేలకు పోవు తల్లులను మనము నిత్యము చూచుచునే యున్నాము. కాని ఒడినిండ ప్రత్తి తెచ్చు ఆ తల్లికి, తన రవికెకు గజము గుడ్డ కొనుట ఇంటి ఖర్చులలో కట్టకడపటిది.

నేడు మీతో నేను మనవి చేయదలచినది ఒక్కటే. తల్లి కట్టుబట్ట ఆమె పనిముట్టు. కొడవలికిని పారకును డబ్బు తీసి యుంచినట్లే, తల్లి పనిబట్టకును ఇంటి పద్దులో ముందుగా చోటుండవలెను.

మిరపచేనికి పోవు తల్లి వేషమును ఒకమారు తలచుకొనుడు. చీర కుచ్చెళ్లు పైకి దోపుకొనును. దానిపై భర్తదో కొడుకుదో పాత పొడుగుచేతుల చొక్కా తొడుగుకొనును. తలకును ముఖమునకును తువాలు చుట్టుకొనును. పట్టణమునుండి వచ్చినవారికి ఇది వింతగా తోపవచ్చును. ఈ వేషమును ఏ దర్జీయు నేర్పలేదు, ఏ అధికారియు చెప్పలేదు. మన స్త్రీలే తమ యనుభవముతో దీనిని కూర్చుకొన్నారు. ఆ చొక్కా ఎండను ఆపును. మిరప ఘాటునుండియు, ఎండిన ప్రత్తి డొప్పల మొనలనుండియు చేతులను కాపాడును. పురుగుమందు చల్లిన ఆకు చర్మమునకు నేరుగా తగులకుండ అడ్డుపడును.

ఇందలి లోపమేమనగా, ఆ చొక్కా ఇంటిలో మరెవ్వరికిని పనికిరానిది. మోచేతికడ చినిగినది, గుండీలు ఊడినది, ఉతికి ఉతికి పలుచబడినది తల్లి పాలబడును. ఎచ్చట చినిగినదో అచ్చటనే ఘాటు సోకును. కాపాడవలసిన చోటనే కాపు లేకపోయిన ఆ బట్ట ఉండి యేమి ప్రయోజనము?

మన ఎండల సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. వేసవి వచ్చినచో రెంటచింతల పేరు రాష్ట్రమంతటను వినబడును. ఇట్టి యెండలో మన తల్లులలో ననేకులు పాలియెస్టరు చీరలనే కట్టుచున్నారు. అవి తక్కువ వెలకు దొరకును, త్వరగా ఆరును, ఇస్త్రీ కోరవు. పని తొందరలోనున్న తల్లి వానిని కొనుట తప్పు కాదు. కాని ఆ గుడ్డ చెమటను పీల్చదు. పొయ్యి నిప్పు అంటుకొన్నచో కరగి ఒంటికి పట్టుకొనును. కావున పైచీర ఎట్టిదైనను, ఒంటికి తగులు రవికెయు లోబట్టలును, పైన తొడుగు చొక్కాయు నూలువిగ నుండుట మేలు. నెలసరి దినములలో వాడు గుడ్డలను సయితము చాటుమాటున తడిగా నుంచక, సబ్బుతో ఉతికి మంచి యెండలో ఆరవేయవలెను. ఇందు సిగ్గుపడవలసినది లేదు. ఇది ఆరోగ్యమునకు సంబంధించిన విషయము.

ఇక బిడ్డ సంగతి. పొద్దుగూకి ఇల్లు చేరిన తల్లికి పాలు త్రాగు బిడ్డ చేతులు చాచి ఎదురు వచ్చును. దినమంతయు ఎడబాసిన తల్లి ఆగలేక బిడ్డను ఎత్తుకొనును. ఆ చేతి మంట బిడ్డ చెంపకును కంటికిని తగులును. బిడ్డ గుక్కపట్టి ఏడ్చును. దిష్టి తగిలినదని, ఆ మిరపకాయలతోనే దిగదుడిచిన యిండ్లను నేను చూచితిని!

మిరప మంట వట్టి నీటికి లొంగదు. అది నూనెలో కరగును. కావున మొదట చేతులకు వంటనూనె పట్టించి, గుడ్డతో తుడిచి, పిదప సబ్బుతో బాగుగా కడుగుకొనవలెను. చేనిబట్టలను గుమ్మము వెలుపలనే విడిచి, వేరొక చీర కట్టుకొని, ఆ తరువాతనే బిడ్డను ఎత్తుకొనవలెను. మందు చల్లిన చేనిలో తిరిగిన బట్టలను బిడ్డ బట్టలతో కలిపి నానవేయరాదు.

ఇట్లు చెప్పుట నాకు సులభము. రెండే చీరలున్న తల్లి దీనిని ఎట్లు ఆచరింపగలదు? ఒకటి తడిసి తీగెపై నుండును, రెండవది ఒంటిపై నుండును. మార్చుకొనుటకు మూడవ బట్ట యున్నప్పుడే నా సలహాకు విలువ. బిడ్డ కంటి మంట తల్లి బట్టల పెట్టెతో ముడిపడి యున్నది. అందుచేతనే నేను బట్టను గూర్చి చెప్పబూని, ఇంటి పద్దు వద్దకు వచ్చుచున్నాను.

మన యిండ్లలో బట్టలకు డబ్బు ఖర్చగుట లేదా? అగుచునే యున్నది. పెండ్లికి పట్టుచీర, సీమంతమునకు చీర, ఆడపడుచునకు సారె, కోటప్పకొండ తిరునాళ్లకు పిల్లలకు క్రొత్త బట్టలు. ఇచ్చిపుచ్చుకొనుట బంధుత్వమునకు అందము. దానిని మానుడని నేను చెప్పను. కాని ఏడాదికి రెండుమారులు కట్టు చీరకు అప్పు చేసి, ఏడాదిలో రెండువందల దినములు కట్టు బట్టకు పైకము లేదనుట ఏమి న్యాయము?

బట్టల మూట వీధిలోనికి వచ్చును. "డబ్బు ఇప్పుడే ఎందుకమ్మా, వారం వారం ఇద్దువులే" అని మూటవాడు చీర చేతబెట్టును. లెక్క చూడుడు. 1,200 రూపాయల చీరకు వారమునకు 150 రూపాయల చొప్పున పది వారములు కట్టినచో 1,500 రూపాయలగును. అదనముగ పోయిన 300 రూపాయలు ఒక పనిచొక్కా గుడ్డకు అక్కరకు వచ్చెడివి. అట్లే, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 10,000 రూపాయలు తెచ్చినచో, ఏడాదికి వడ్డీయే 3,600 రూపాయలగును. అసలు కదలదు. అదే తల్లి వారమునకు 25 రూపాయలు డబ్బాలో వేసినచో, 52 వారములకు 1,300 రూపాయలు చేతనుండును. ఇంటి పద్దులో ఇది మొదటి పద్దు కావలెను.

ఈ పద్దు వ్రాయుటకు కూలి డబ్బు తల్లి చేతికి రావలెను గదా! చాలచోట్ల ఆమె కూలిని మగవాడే పుచ్చుకొనును. ఒకే పనికి స్త్రీకి తక్కువ, పురుషునకు ఎక్కువ ఇచ్చు ఆచారమును కాదని, 1976లో పార్లమెంటు సమాన వేతన చట్టము చేసినది. 2019 నాటి వేతనముల స్మృతియు ఆ సూత్రమునే నిలిపినది. చట్టము పుస్తకములో నుండును. దానిని అడిగి తెచ్చుకొనవలసినది మనమే. ఒంటరిగ అడిగిన తల్లి మరునాడు పని పోగొట్టుకొనవచ్చును. గుంపంతయు ఒక్క మాటగ అడిగినచో మేస్త్రీయు, రైతును ఆలోచింతురు. గురజాల రాజ్యమున నలగామరాజునకు మంత్రిణియై నాయకురాలు నాగమ్మ రాజ్య వ్యవహారమునే నడపినది. ఆమె తిరిగిన నేలపై, తన కూలి లెక్క తాను చూచుకొనుటకు తల్లి వెనుదీయుట తగదు.

బిడ్డను ఎవరు చూతురన్నది తరువాతి చిక్కు. 1961 చట్టము ఉద్యోగము చేయు తల్లికి 12 వారముల ప్రసూతి సెలవు ఏర్పరచినది. 2017 సవరణ దానిని మొదటి యిద్దరు బిడ్డలకు 26 వారములకు పెంచినది. మిరపచేనిలో దినకూలి చేయు తల్లికి ఆ సెలవు అందలేదు. పురుడు తేరుకొనక ముందే ఆమె పనికి పోవలసి వచ్చుచున్నది. కర్నూలు సీమ పడమటి పల్లెలనుండి కోతల కాలమున పిల్లలతో వలసవచ్చి, మన చేలగట్లపై గుడారములు వేసికొను తల్లుల స్థితి మరియు కష్టము. వారికి ఇరుగుపొరుగు సయితము లేదు.

2005లో చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టమున, పని చోటికి ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురుగాని అంతకు మించిగాని వచ్చినచో, వారిని చూచుటకు ఒక స్త్రీని నియమించి, ఆమెకును కూలి యీయవలెనను షరతు చేర్చబడెను. ఈ యాలోచనను కూలి గుంపులు స్వయముగ పాటింపవచ్చును. ఇరువదిమంది కోతకు పోవునప్పుడు, వంగి పని చేయలేని ఒక పెద్దమ్మను వేపచెట్టు నీడను పిల్లలకడ నుంచి, తలకు కొంత వేసి ఆమె కూలి యిచ్చినచో, ఇరువదిమంది తల్లుల మనస్సు కుదుటపడును. పెద్దమ్మకును నాలుగు మెతుకులు దొరకును.

పేటలో ఉద్యోగము చేయు తల్లులకు వేరొక తీరు కష్టము. ఉపాధ్యాయిని గాని, నర్సు గాని ప్రతిదినము ఉతికి ఇస్త్రీ చేసిన బట్టతో కనబడవలెను. వంట, బిడ్డ, బస్సు, ఉద్యోగము, మరల వంట. జీతము వచ్చినను అది అప్పులకును ఫీజులకును పోగా, ఆమె చెప్పులు తెగినవే యుండును. 2025 ఆగస్టు 15వ తేదీన మన రాష్ట్రమున స్త్రీలకు పల్లెవెలుగు మొదలైన బస్సులలో ఉచిత ప్రయాణము ప్రారంభమైనది. దానివలన మిగులు ఛార్జి డబ్బు ఎచ్చటికి పోవుచున్నదో చూచితిరా? అది ఇంటి ఖర్చులో కలిసి కనబడకపోక ముందే, నేను చెప్పిన మొదటి పద్దులో వేయుడు.

పొదుపు సంఘములకు నాదొక సూచన. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచి నిలిచినారు. ఆ యుద్యమము వెంట పొదుపు సంఘములు రాష్ట్రమున విస్తరించినవి. అప్పు తెచ్చుకొనుటకును, తీర్చుటకును మనము నేర్చితిమి. ఇక కలిసి కొనుట నేర్వవలెను. పొడుగుచేతుల వదులు చొక్కాకు సుమారు రెండుంబావు మీటర్ల గుడ్డ పట్టును. పదిమందికి ఇరువదిరెండున్నర మీటర్లు చాలును. నూలు తాను ఒక్కటిగ కొన్నచో వెల తగ్గును. సంఘములో కుట్టుమిషను గల సోదరి కుట్టినచో కుట్టుకూలియు మనలోనే నిలుచును. ముంజేతికడ బిగియు గుండీ, మెడను కప్పు పట్టీ, పాలిచ్చు తల్లికి వీలగు ముందు తెరపు, డబ్బు దాచుకొను లోజేబు, ఇవన్నియు మన యిష్టప్రకారమే పెట్టించుకొనవచ్చును. మగవారి పాతచొక్కాలో ఇవి యుండవు గదా!

ఇచ్చటికి వచ్చిన అన్నలకు ఒక మాట. మీ యింటి తల్లి చేనిబట్టలు ఒక పూట మీరే నానవేసి ఉతుకుడు. ఆ నీటి మంట మీ చేతికి తగిలిననాడు, మూడవ చీర ఏల కావలెనో మరొకరు చెప్పవలసిన పని యుండదు.

అక్కలారా, చెల్లెండ్లారా, చాటువులోని స్త్రీ నూలు వడికినదని కవి చెప్పినాడు. ఆ నూలుతో ఆమెకొక చీర దక్కినదో లేదో చెప్పలేదు. మీ కథ అట్లు ముగియరాదు. ఈ రాత్రి ఇంటికి పోయి పెట్టె తెరచి, మీ పనిబట్టలు ఎన్ని యున్నవో లెక్కింపుడు. తక్కువైనచో, ఇంటి పద్దు పుస్తకమున మొదటి పంక్తిలో, అందరి పేర్లకంటె ముందు, మీ పేరు వ్రాయుడు.