నేల కదిలినా ఇల్లు నిలవాలి



మన రాత్రిబడికి వచ్చే ఒక అక్క ఇల్లు కట్టుకుంటోంది. పునాది అయింది. గోడలు లేస్తున్నాయి. "గోడల మీద బెల్టు దేనికమ్మా, దండగ ఖర్చు! మనకేమన్నా భూకంపాలు వస్తాయా?" అన్నాడట మేస్త్రి. "ఏం చేయమంటావు తమ్ముడూ?" అని అక్క నన్నడిగింది. అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. నాలుగు పుస్తకాలు చదివి వచ్చాను. ఈ రోజు ఆ సంగతే చెప్పుకుందాం.

మనకు భూకంపాలు రావా? వస్తాయి. 1969 ఏప్రిల్ 13 రాత్రి భద్రాచలం దగ్గర భూమి కంపించింది. దాని తీవ్రత 5.7. భద్రాచలం మన నూజివీడుకు సుమారు 100 కిలోమీటర్లే. 2024 డిసెంబరు 4 పొద్దున ఏడున్నర వేళ ములుగు దగ్గర 5.3 తీవ్రతతో మళ్ళీ వచ్చింది. విజయవాడలో కూడా జనం ఇళ్ళలోంచి బయటికి పరుగెత్తారు. గోదావరి లోయ వెంట నేల లోపల పాత పగుళ్ళు ఉన్నాయి. అక్కడ రాళ్ళ మీద ఒత్తిడి పెరిగి, ఒక్కసారిగా జారితే పైన నేల ఊగుతుంది.

నేల లోపలి సంగతి ఎలా తెలిసింది అంటారా? కుండ కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? వేలితో కొట్టి వింటాం. మోతను బట్టి పగులు ఉందో లేదో చెప్పేస్తాం. శాస్త్రజ్ఞులూ అదే చేస్తారు. హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. 1961లో పెట్టారు. వాళ్ళు 1970లలో మన కావలి నుంచి కర్ణాటకలోని ఉడిపి దాకా, సుమారు 600 కిలోమీటర్లు, నేలను ఇలాగే పరీక్షించారు. బోర్లు వేసి, వాటిలో మందుగుండు పేల్చారు. ఆ అదురు లోపలికి పోయి, రాతిపొరలకు తగిలి తిరిగి వస్తుంది. పైన పెట్టిన యంత్రాలు దాన్ని రాసుకుంటాయి. ఎంతసేపటికి వచ్చిందో చూసి పొర ఎంత లోతున ఉందో లెక్క కడతారు.

భూకంపం వచ్చినా ఆ లెక్కే. ముందు ఒక అల వస్తుంది, వెనక రెండోది వస్తుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య తేడా ఉంటుంది చూడండి, అలాగన్నమాట. రెండు అలల మధ్య ఒక్కో సెకను తేడాకు సుమారు 8 కిలోమీటర్ల దూరం. మూడు చోట్ల లెక్క కలిపితే భూకంపం పుట్టిన చోటు దొరుకుతుంది. కానీ ఫలానా రోజున వస్తుందని ముందుగా చెప్పడం ఇంతవరకు ఎవరివల్లా కాలేదు. ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇప్పుడు ఇంటి సంగతి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, నాలుగు కాకముందే, మహారాష్ట్రలో కిల్లారి దగ్గర భూకంపం వచ్చింది. ముందు రోజే వినాయక నిమజ్జనం. జనం అలిసి ఇళ్ళలో నిద్రపోతున్నారు. తీవ్రత 6.2. వేలమంది చనిపోయారు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1989లో, అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర 6.9 తీవ్రతతో వచ్చింది. అది ఇంకా పెద్దది. చనిపోయింది 63 మంది. ఎందుకింత తేడా? కిల్లారి వైపు ఇళ్ళు బండరాళ్ళతో, మట్టితో లేపిన మందపాటి గోడలు. పైన మట్టి పోసిన బరువైన కప్పు. గోడలో రాయికీ రాయికీ పట్టు లేదు. నేల ఊగగానే గోడలు విడిపోయి, కప్పు నిద్రలో ఉన్నవాళ్ళ మీద పడింది. ఇది చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మన మామిడికాయల బుట్ట చూడండి. మూతి చుట్టూ గట్టి కట్టు ఉంటుంది. అది ఊడితే బుట్ట విచ్చుకుపోతుంది. ఇంటికి బెల్టు ఆ కట్టు లాంటిది. నేల ఊగినప్పుడు నాలుగు గోడలూ తలో దిక్కుకు పోకుండా కలిపి పట్టుకుంటుంది.

అక్కా, మేస్త్రిని ఇవి అడుగు. తలుపులు, కిటికీల పైన బెల్టు అన్ని గోడల మీదా తెగకుండా చుట్టూ తిరగాలి. కాంక్రీటు కనీసం 3 అంగుళాల మందం. లోపల పొడవునా రెండు కడ్డీలు, వాటిని కలుపుతూ అరడుగుకు ఒక అడ్డ కడ్డీ. మూలల దగ్గర కడ్డీని అక్కడికక్కడ కోసెయ్యకూడదు, వంచి పక్క గోడలోకి పోనివ్వాలి. తలుపులు, కిటికీలు మరీ మూలకు పెట్టనివ్వకు. గోడలు కిటికీ ఎత్తుకు వచ్చాయన్నావు కదా, ఇంకా ఆలస్యం కాలేదు. రేపు సాయంత్రం బడి వదిలాక నేనూ వస్తాను. మేస్త్రిని ఉండమని చెప్పు.