గీత రెండు మీటర్లంటే రెండు మీటర్లే ఉండాలి
(మహాసభలో ప్రింటింగ్ యూనిట్ సభ్యుల ప్రసంగ పాఠం)



మా జమాఖర్చులు ఈ నివేదికలో వేరే పేజీల్లో ఉన్నాయి, వాటిని మళ్లీ చదవం. మా షెడ్డుకు వచ్చిన వాళ్లంతా ఒకటే అడుగుతున్నారు: "ఆర్డరు పక్కన పెట్టి, ఖాళీ షీటు మీద పొడుగు గీతలు గీసి టేపు పట్టుకుంటారెందుకు?" అని. దాని గురించే చెబుతాం.

మాది ఫ్లాట్‌బెడ్ ప్రింటర్. ఫ్లెక్సీ మిషన్‌లో రోలు కదులుతుంది. ఇందులో ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు షీటు బల్ల మీద కదలకుండా పడుకుంటుంది. పైన అడ్డంగా ఉన్న దూలం మెల్లగా ముందుకు జరుగుతుంది. దాని మీద ఇంకు హెడ్డు అటూ ఇటూ తిరుగుతుంది, పక్కనే ఉన్న యూవీ లైటు ఇంకును అప్పటికప్పుడే ఆరబెడుతుంది. దూలాన్ని జరిపేది మోటారు. మిల్లీమీటరు జరగడానికి మోటారు ఎంత తిరగాలో మిషన్‌కు ఒక అంకె ఇచ్చి ఉంటుంది. ఆ అంకె సరిగ్గా లేకపోతే బొమ్మ ఎంత అందంగా వచ్చినా కొలత తప్పుతుంది.

కిరాణా కొట్టు బోర్డు నాలుగు మిల్లీమీటర్లు తగ్గితే ఎవరికీ నష్టం లేదు. అంగన్‌వాడీ గోడకు పెట్టే ఎత్తు బోర్డు అట్లా కాదు. సెంటరులో అసలు కొలత స్టేడియోమీటరుతోనే తీస్తారు. అయినా గోడ మీద జిరాఫీ బొమ్మతో అంకెలుంటే తల్లి బిడ్డను దాని దగ్గరే నిలబెడుతుంది, ఆ అంకెనే గుర్తు పెట్టుకుంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం మూడేళ్లు నిండిన ఆడపిల్ల మధ్యస్థ ఎత్తు 95.1 సెంటీమీటర్లు. 87.4 కంటే తక్కువ ఉంటే వయసుకు తగ్గ ఎదుగుదల లేదని లెక్క. మా మిషన్ బిగించిన రోజు రెండు మీటర్ల గీత గీయమంటే 1992 మిల్లీమీటర్లే గీసింది. ఎనిమిది మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. ఆ లెక్కన వేసిన బోర్డు ముందు 87.2 ఉన్న పిల్ల నిలబడితే 87.5 దాటి కనపడుతుంది. పిల్ల బాగానే ఉందని తల్లి ఇంటికి వెళ్లిపోతుంది. తునికాకు కట్టకు 50 ఆకులని మనకు తెలుసు. కల్లం కాడ ఇంకో రెండాకులు వెయ్యమంటే ఊరుకుంటామా? కురచ సెంటీమీటరూ అట్లాంటి మోసమే, కాకపోతే ఇక్కడ నష్టపోయేది మాట రాని పిల్ల.

ఇక చేసే పని. ముందు కంప్యూటర్లో ఫైలు సైజు చూస్తాం. వంద శాతం అని ఉండాలి, "షీటుకు సరిపెట్టు" అన్నది తీసేసి ఉండాలి. ఇది చూడకుండా మిషన్ అంకె ముట్టుకోవద్దు. తర్వాత పొడవుకు 2000, వెడల్పుకు 1000 మిల్లీమీటర్ల డబ్బా ఒకటి సన్నగీతతో ప్రింటు చేస్తాం. కొలిచేది తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న స్టీలు టేపుతోనే. కుట్టు పనికి వాడే టేపు వాడినకొద్దీ సాగుతుంది, దాన్ని ఇటు రానివ్వం. స్టీలు టేపు కొనకున్న కొక్కెం కొంచెం ఆడుతుంది కాబట్టి సున్నా దగ్గర పట్టం. గీత మొదట్లో 100 అంకె పెట్టి చివరన చదివిన దాంట్లో నుంచి 100 తీసేస్తాం. ఒకరు చదివాక ఇంకొకరు చదువుతారు, ఇద్దరిదీ కలిస్తేనే రాస్తాం.

లెక్క వడ్డీ లెక్క కంటే సులువు. పాత అంకెను 2000తో గుణించి 1992తో భాగిస్తే కొత్త అంకె వస్తుంది. అది ఎక్కించి మళ్లీ గీస్తాం. గీత ఇంకా కురచైతే ఆ మిషన్‌లో లెక్క తిరగేసి ఉందన్నమాట, అప్పుడు గుణకారం, భాగహారం మార్చాలి. అడ్డం కొలత వేరుగా చూడాలి. అక్కడ హెడ్డు ఒక సన్నని గీతల పట్టీని చదువుకుంటూ తిరుగుతుంది, ఆ పట్టీకి ఇంకు తుంపరలు అంటితే లెక్క తప్పుతుంది. అంకె మార్చే ముందు పట్టీ తుడవాలి.

ఇంకోటి మూలల కొలత. ఆ డబ్బాకు ఈ మూల నుంచి ఆ మూలకు రెండు వైపులా 2236 మిల్లీమీటర్లు రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే దూలం వంకరగా నడుస్తున్నట్టు. అది అంకెలతో పోదు, మెకానిక్ రావాలి.

మన దగ్గర ఎండ సంగతి వేరే చెప్పాలి. మీటరు అక్రిలిక్ షీటు ఒక్క డిగ్రీ వేడికి 0.07 మిల్లీమీటరు దాకా సాగుతుంది. మే నెలలో ఆటోలో ఎండకు వచ్చిన షీటుకూ, గదిలో ఉన్న షీటుకూ పదిహేను డిగ్రీల తేడా ఉందనుకోండి, రెండు మీటర్లకు రెండు మిల్లీమీటర్లు అక్కడే పోతాయి. వేడి షీటు మీద వేసిన గీత చల్లబడ్డాక కురచవుతుంది. అందుకే ముందు రోజే షీట్లు షెడ్డులోకి తెచ్చి బల్లపరుపుగా పెడతాం. అర్జంటు ఆర్డరైనా అంతే. పార్టీలు విసుక్కుంటారు, విసుక్కోనీ.

మంచి బోర్డును కూడా గోడకు రెండు వేళ్లు కిందికో పైకో కొడితే మా కష్టమంతా వృథా. కాబట్టి బోర్డు మీద 50 దగ్గర ఎర్రగీత వేసి, "ఈ గీత నేల నుంచి సరిగ్గా 50 సెంటీమీటర్లు ఉండాలి" అని రాస్తున్నాం. చర్ల, దుమ్ముగూడెం వైపు అక్కలు మీ ఊరి సెంటరుకు వెళ్లినప్పుడు ఒక స్టీలు టేపు వెంట తీసుకెళ్లండి. బోర్డు ఎవరు వేసినా సరే, నేల నుంచి ఎర్రగీత దాకా, 50 నుంచి 100 దాకా కొలిచి చూడండి. తేడా ఉంటే వీవోఏకు రాయించండి. మా బోర్డయితే షెడ్డుకు పంపండి, డబ్బులు లేకుండా వేరేది వేసి ఇస్తాం.