తాళంచెవి ఎవరి చేతిలో?

(నారపల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను మాట్లాడబోయేది పైకి కంప్యూటర్ శాస్త్రవేత్తల విషయంలా కనిపిస్తుంది. నిజానికి ఇది కుటుంబంలో అధికారానికి సంబంధించిన విషయం.

2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో మన మాటలన్నీ సంకేతాలుగా మారి ప్రయాణిస్తున్నాయి. పంపినవారి ఫోనులో, అందుకున్నవారి ఫోనులో తప్ప దారిలో ఎవరూ వాటిని విప్పలేరు. ఈ ఏర్పాటు వెనక ఒక నమ్మకం ఉంది. దొంగ బయట ఉంటాడు, ఫోను మన చేతిలో ఉంటుంది అని. ఉప్పల్, నాచారం బస్తీల్లో ఎంతమంది స్త్రీల విషయంలో ఇది నిజం? ఫోను కొన్నది భర్త, సిమ్‌కార్డు అతని పేరు మీద, పాస్‌వర్డు అతనికి తెలుసు. ఆమె వాట్సాప్‌ను తన కంప్యూటర్‌కు కలుపుకోవడానికి అతనికి ఒక్క నిమిషం చాలు. ఇంటి లోపలున్న మనిషికి బయటి తాళం అడ్డు కాదు.

పరికరమే ప్రత్యర్థి చేతిలో ఉంటే తాళంచెవిని దాచడం ఎలా? శాస్త్రవేత్తలు దీన్ని 'వైట్ బాక్స్ క్రిప్టోగ్రఫీ' అంటారు. తాళంచెవిని ఒకచోట ఉంచకుండా పెద్ద పట్టికల్లో కలిపేసి, ప్రోగ్రామంతా విప్పి చూసినా దొరక్కుండా చేయాలన్నది ఆలోచన. 2002లో స్టాన్లీ చౌ, ఆయన సహచరులు ఈ పద్ధతిని ప్రతిపాదించారు. 2004లో మరో పరిశోధక బృందం దాన్ని ఛేదించింది. ఈ శ్రమంతా ఎవరి కోసం? ప్రధానంగా, కొన్నవాళ్లు పాటలూ సినిమాలూ కాపీ చేసుకోకుండా కంపెనీల ఆస్తిని కాపాడటం కోసం. ఇంట్లో మనిషి నుంచి స్త్రీని కాపాడటం ఆ లెక్కలోకి రాలేదు. పైగా తాళంచెవి దాగినా, తెరిచి ఉన్న ఫోనులో మాటలు కనిపిస్తూనే ఉంటాయి.

మరి చట్టం ఏమంటోంది? ఒక విడాకుల కేసులో, భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో ఫోనులో మాట్లాడిన మాటలను భర్త రహస్యంగా రికార్డు చేశాడు. అది ఆమె గోప్యతకు భంగమనీ, ఆ రికార్డులు నిజమైనవే అయినా సాక్ష్యంగా చెల్లవనీ 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. 2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. అయితే 2025 జూలై 14న అదే కోర్టు, భార్య తనతో మాట్లాడిన మాటలను భర్త రహస్యంగా రికార్డు చేసినా, విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చంది. హింసను రుజువు చేసుకోవడానికి ఇది స్త్రీలకూ ఉపయోగమే కదా అనే వాదన ఉంది. దాన్ని కొట్టిపారేయలేం. కాని ఇంట్లో పరికరాలు ఎవరి అదుపులో ఉన్నాయో చూడకుండా ఈ సమానత్వం గురించి మాట్లాడటం అన్యాయం.

కాబట్టి మన దగ్గరికొచ్చే స్త్రీకి "పాస్‌వర్డు మార్చుకో" అని వెంటనే చెప్పకండి. ఆ మార్పే దెబ్బలకు కారణం కావచ్చు. ఆమె ఫోను ఇంకెవరు తెరుస్తారో ముందు అడగండి. మీరు ఫోను చేస్తే ఎవరు ఎత్తుతారో, ఏ వేళ మాట్లాడటం క్షేమమో తెలుసుకోండి. 181కి పొరుగింటి ఫోను నుంచీ చేయవచ్చని చెప్పండి. వాట్సాప్ మరో పరికరానికి కలిసి ఉందేమో చూడండి. తెంచేస్తే అతనికి తెలిసిపోతుంది గనుక, ఎప్పుడు తెంచాలో ఆమెనే నిర్ణయించుకోనివ్వండి.

తనదంటూ ఒక ఫోను, అందులో ఎవరూ తలదూర్చని మాట స్త్రీకి విలాసం కాదు. ఆస్తి హక్కు కోసం, వేతనం కోసం పోరాడినట్టే దీనికోసమూ మనం పోరాడాలి.