ఇంటి గుట్టు, సంస్థ గుట్టు

(స్త్రీల సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం "సామాజిక న్యాయం కోసం పనిచేసే సంస్థల భవిష్యత్తు - బహిరంగ చర్చ ఆవశ్యకత". ఆవశ్యకత గురించి పెద్దగా మాట్లాడాల్సింది లేదనుకుంటాను. చర్చ వద్దనే సంస్థ నాకింతవరకూ తగల్లేదు. అసలు చర్చ జరగని సంస్థ కూడా లేదు. కాకపోతే అది సమావేశంలో జరగదు. సమావేశం అయిపోయాక, టీ గ్లాసులు కడిగేసి బస్టాండుకు నడిచే దారిలో జరుగుతుంది. "ఈ పొదుపు పని మన పనేనా?" "కౌన్సెలింగ్ సెంటర్ మూసేస్తారట, మనకెవరూ చెప్పలేదేం?" "వచ్చే ఏడు నుంచి ఇంకేదో ప్రాజెక్టట." మూడు గంటల సమావేశంలో నోరు విప్పని మనిషి, బస్సు వచ్చేలోపల సంస్థ ఎటు పోతోందో మొత్తం విప్పి చెబుతుంది. ఆ మాటలు లోపల ఎందుకు రావడం లేదు? నేను మాట్లాడదలుచుకున్నది దాని గురించే.

ఏ ఊరికి వెళ్లినా, దెబ్బలు తిన్న స్త్రీకి మనం మొదట చెప్పే మాట, ఇది నీ ఒక్క ఇంటి విషయం కాదు, నలుగురిలో చెప్పు అని. "ఇంటి గుట్టు లంకకు చేటు" అన్న సామెతను మనం ఎన్ని సభల్లో తప్పుపట్టామో లెక్కలేదు. గుట్టు కాపాడేది ఇంటిని కాదు, ఇంట్లో పెత్తనం ఉన్నవాణ్ణి అని చెబుతూ వచ్చాం. అదే మనం, మన సంస్థలో ఒక కార్యకర్త లేచి లెక్క అడిగితే, "మన విషయాలు బయటికి పోతే ఎవరికి నష్టం?" అంటాం. అచ్చం అత్తగారి మాట! సంస్థ మనకు తెలియకుండానే ఇల్లయిపోయింది.

పిలుపుల్లో కూడా ఇది కనిపిస్తుంది. సంస్థ పెట్టినావిడను అందరం అక్క అంటాం. ప్రేమతోనే అంటాం, మానెయ్యమని నేను చెప్పను. కానీ జీతమిచ్చే మనిషి అక్క అయినప్పుడు జీతం గురించి అడగలేం, అక్కకు ఎదురు చెప్పనూ లేం. ఎదురు చెప్పిన అమ్మాయికి "కృతజ్ఞత లేదు" అన్న పేరొస్తుంది. ఏ కంపెనీలోనూ యూనియన్ కార్మికుణ్ణి కృతజ్ఞత లేదని ఎవరూ అనరు. మన దగ్గర అంటారు.

నోరు విప్పకపోవడం పిరికితనం కాదు. కార్యకర్త ఉద్యోగం ఏడాదికోసారి కాగితం మారితే ఉండేది. సంఘ సభ్యురాలికి అప్పు కావాలి, కుట్టు మిషను కావాలి, పిల్లకు హాస్టల్లో సీటు కావాలి. దళిత కార్యకర్త మాట్లాడితే "ప్రతిదాన్లోకీ కులం తెస్తోంది" అంటారు. మాట్లాడకపోతే రిపోర్టులో "ప్రాతినిధ్యం ఉంది" అని రాసుకుంటారు. ఇలాంటిచోట "అందరూ స్వేచ్ఛగా మాట్లాడండి" అని మైకులో చెబితే సరిపోదు. మాట్లాడితే పోయేదేమిటో ఎవరికి వాళ్లకు తెలుసు.

మాట్లాడినందుకు పోగొట్టుకున్న వాళ్ల కథ ఒకటి చెబుతాను. అహ్మదాబాదులో 'సేవ' సంస్థ 1972లో స్వయం ఉపాధి స్త్రీల యూనియన్‌గా ఏర్పడింది. అది బట్టల మిల్లు కార్మికుల పెద్ద సంఘం మజూర్ మహాజన్ స్త్రీల విభాగం నుంచి పుట్టింది. 1981లో గుజరాత్‌లో మెడికల్ సీట్ల రిజర్వేషన్లకు వ్యతిరేకంగా అల్లర్లు చెలరేగాయి. దళితుల మీద దాడులు జరిగాయి. మాతృసంస్థ మౌనంగా ఉంది. ఇలా భట్ రిజర్వేషన్లను సమర్థిస్తూ బహిరంగంగా మాట్లాడారు. సేవ సభ్యుల్లో దళిత స్త్రీలు చాలామంది ఉన్నారు, ఆ మౌనం వాళ్ల నెత్తిమీద పడే మౌనం. ఆ ఏడాదే సేవను మాతృసంస్థ నుంచి బయటికి పంపేశారు. సేవ నిలబడింది. ఇలా భట్ ధైర్యం ఒక్కటే దానికి కారణం కాదని నా అభిప్రాయం. అప్పటికే దానికి సొంత రిజిస్ట్రేషన్ ఉంది, 1974 నుంచి స్త్రీలు సొంతంగా పెట్టుకున్న బ్యాంకు ఉంది. వెళ్లగొడితే ఎక్కడికి పోతారన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబుంది.

ఇక మన దగ్గరి సంగతి. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘంలో 1990లలో జరిగిన చర్చ మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రాజ్యహింసను ప్రశ్నించే సంఘం, విప్లవోద్యమం చేసే హింసను ఏ ప్రమాణంతో చూడాలి? కులం, స్త్రీల అణచివేత హక్కుల ఉద్యమానికి పక్క విషయాలా, సొంత విషయాలా? ఆ సంఘం అప్పుడున్న పరిస్థితి చూడండి. 1985లో డాక్టర్ రామనాథాన్ని, 1991లో నర్రా ప్రభాకర్ రెడ్డిని హత్య చేశారు. "ఇప్పుడు మనలో మనం వాదించుకుంటే శత్రువు వాడుకుంటాడు" అనే హక్కు ఎవరికైనా ఉంటే వాళ్లకే ఉంది. అయినా చర్చ జరిగింది. బాలగోపాల్ తన అభిప్రాయాలను వ్యాసాలుగా రాశారు, వాటితో విభేదించినవాళ్లూ రాశారు. చివరికి 1998లో ఆయన, మరికొందరు విడిపోయి మానవ హక్కుల వేదికను ఏర్పాటు చేశారు. చీలిక కాబట్టి చర్చ విఫలమైందని కొందరంటారు. నేను ఒప్పుకోను. రెండు సంస్థలూ పనిచేశాయి. ఎవరు ఏ కారణంతో ఎటు వెళ్లారో ఈనాటికీ చదివి తెలుసుకోవచ్చు. మన స్వచ్ఛంద సంస్థల్లో మనుషులు వెళ్లిపోయినప్పుడు మిగిలేదేమిటి? "వ్యక్తిగత కారణాల వల్ల" అని రాసిన రాజీనామా కాగితం.

అయితే ఒక తేడా ఉంది, దాన్ని దాటేసి మాట్లాడితే అన్యాయం. హక్కుల సంఘాలు సభ్యులు జేబులోంచి తీసిన డబ్బుతో నడుస్తాయి. అక్కడ మాట్లాడితే పోయే జీతం లేదు. సేవకు సొంత బ్యాంకు, వీళ్లకు జీతం లేని పని. మన సంస్థల్లో చాలావాటికి ఈ రెండూ లేవు. అందుకని డబ్బు గురించి మాట్లాడక తప్పదు.

సంస్థ దారి మారేది సర్వసభ్య సమావేశంలో అనుకుంటాం. నిజానికది ప్రపోజల్లో మారుతుంది. ప్రపోజల్ ఇంగ్లీషులో రాస్తారు, ఆఖరి తేదీకి ముందు రెండు రాత్రులు కూర్చుని రాస్తారు, ఇద్దరో ముగ్గురో రాస్తారు. నిధులొచ్చాక "ఇక నుంచి మనం ఇది చేస్తాం" అని తెలుగులో చెబుతారు. అప్పుడు చర్చ పెడితే ఏం లాభం? పెళ్లయ్యాక పిల్లనడిగినట్టు.

ఇలా మారిన దారుల్లో అన్నిటికన్నా పెద్దది పొదుపు, అప్పులు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో స్త్రీలు సారా మీద పోరాడారు, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారా నిషేధించాల్సి వచ్చింది. ఆ తర్వాతి కొన్నేళ్లలో గ్రామాల్లో స్త్రీల సంఘం అంటే పొదుపు సంఘమే అన్నట్టయింది. పొదుపు చెడ్డదని నేననడం లేదు. వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా బతికినవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ కొట్టిన మొగుడి గురించి మాట్లాడుకునే సమావేశం కిస్తీ కట్టే సమావేశంగా మారిపోతుంటే, ఆ మార్పు మీద సభ్యులు కూర్చుని అవునో కాదో తేల్చిన ఊళ్లు ఎన్ని? మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో 1990ల చివర్లో స్వచ్ఛంద సంస్థగా మొదలైన ఎస్.కె.ఎస్. తర్వాత కంపెనీ అయింది. 2010 ఆగస్టులో షేర్ మార్కెట్‌కు వెళ్లింది. అదే ఏడాది అక్టోబరులో, సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. పేదల సంస్థ మదుపుదారుల సంస్థ కావచ్చా అన్న చర్చ అప్పుడు పేపర్లలో, అసెంబ్లీలో, కోర్టుల్లో బ్రహ్మాండంగా జరిగింది. పదేళ్ల ముందు నారాయణఖేడ్ గ్రామాల్లో జరగాల్సిన చర్చ అది.

ప్రభుత్వం వైపు నుంచి వచ్చే ఒత్తిడి ఇంకో రకం. విదేశీ నిధుల చట్టం 1976లో, ఎమర్జెన్సీలో పుట్టింది. 2010లో కొత్త చట్టం వచ్చింది. 2020 సవరణతో ఒక సంస్థకు వచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకు ఇవ్వడం ఆగిపోయింది. పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. పట్నంలోని పెద్ద సంస్థ ద్వారా నిధులందుకునే మండల స్థాయి చిన్న సంస్థలకు దీనితో ఊపిరాడలేదు. మూసెయ్యాలా, ఊళ్లో చందాలతో నడుపుకోవాలా, ప్రభుత్వ పథకాలు అమలుచేసే ఏజెన్సీగా మారాలా? ఒక సంస్థ బతుకులో ఇంతకన్నా పెద్ద ప్రశ్న ఉండదు. చాలాచోట్ల దాన్ని తేల్చింది ఆడిటరు.

మరి మనకు చర్చ నడపడం చేతకాదా? బ్రహ్మాండంగా వచ్చు. 2001లో జహీరాబాద్ దగ్గర అల్గోల్ గ్రామంలో జరిగిన ప్రజాతీర్పు సంగతి చూడండి. అప్పటి ప్రభుత్వం 'విజన్ 2020' పేరుతో, వ్యవసాయం మీద బతికే జనాభాను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలని రాసుకుంది. అది సన్న, చిన్నకారు రైతుల భవిష్యత్తు, వాళ్లనే అడుగుదామని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, మరికొన్ని సంస్థలు కలిసి ఈ పని పెట్టుకున్నాయి. జ్యూరీలో ఎక్కువమంది చిన్న రైతులు, అందులోనూ స్త్రీలు. మూడు రకాల భవిష్యత్తులను వాళ్ల ముందు వీడియోలుగా పెట్టారు. చదువు రానివాళ్లు కూడా చూసి తర్కించుకునేలా పెట్టారు. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల తరఫువాళ్లు వచ్చి సాక్ష్యమిచ్చారు. జ్యూరీ వాళ్లను ప్రశ్నలడిగింది. మూడింటిలో ఒకటి ఎంచుకుని తీరాలన్న నిర్బంధం లేదు, తమకు కావాల్సిందేదో తామే చెప్పవచ్చు. ఇదంతా సక్రమంగా జరుగుతోందా లేదా చూడడానికి ఒక మాజీ సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఉన్న పరిశీలక బృందాన్ని విడిగా కూర్చోబెట్టారు. జన్యుమార్పిడి పంటలు, కాంట్రాక్టు సేద్యం, జనాన్ని భూమి నుంచి తప్పించే యంత్రాలు వద్దని జ్యూరీ తీర్పు చెప్పింది. నివేదిక మీద బ్రిటన్ సహాయ శాఖ నుంచి గట్టి అభ్యంతరాలు కూడా వచ్చాయి. చర్చ నిజంగా జరిగిందనడానికి నాకు అంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ప్రభుత్వ భవిష్యత్ పత్రాన్ని ఇలా బోనులో నిలబెట్టడం మనకు తెలిసినప్పుడు, మన సంస్థల భవిష్యత్ పత్రాన్ని ఎందుకు నిలబెట్టకూడదు? మూడేళ్ల ప్రణాళిక పంపే ముందు రెండు మూడు దారులను తెలుగులో, బొమ్మలతోనో వీడియోతోనో సభ్యుల ముందు పెట్టవచ్చు. ఒక్కో దారికి డబ్బెక్కడిది, షరతులేమిటి, ఎవరి ఉద్యోగం పోతుంది అన్నది దాచకుండా చెప్పవచ్చు. సభ్యులే జ్యూరీ. సంస్థ పెట్టినవాళ్లు, డైరెక్టర్లు సాక్షులు. సాక్షి అడిగినప్పుడే మాట్లాడాలి, అక్క అయినా సరే. ఇదొక్కటి పాటిస్తే సగం భయం పోతుంది, ఎందుకంటే అక్క మొదట మాట్లాడిన సభలో మిగిలినవాళ్లు తల ఊపడమే చూశాను నేను. బయటినుంచి, మన నిధులతో సంబంధం లేని ఇద్దరు ముగ్గురు వచ్చి పరిశీలకులుగా కూర్చోవాలి. ఒప్పుకోనివాళ్ల మాట మినిట్స్ పుస్తకంలో వాళ్ల మాటల్లోనే రాయాలి, "చర్చ అనంతరం ఏకగ్రీవంగా" అన్న అరిగిపోయిన వాక్యం కింద పాతిపెట్టకూడదు. ఎదురు మాట్లాడిన కార్యకర్తను ఆ తర్వాత ఏడాదిలోపల బదిలీ చేయాలన్నా, తీసేయాలన్నా కార్యవర్గం రాతపూర్వకంగా కారణం చెప్పాలి. సభ ఎన్నాళ్లు నడుస్తుందో ముందే తేదీ పెట్టుకోవాలి. ఎడతెగని చర్చలో చివరికి గెలిచేది తీరిక ఉన్నవాళ్లే. కూలికి పోవాల్సిన మనిషికి ఆ తీరిక ఉండదు. సభకు వచ్చిన రోజు కూలి కూడా ఆమెకు కట్టివ్వాలి.

ఒక అభ్యంతరం ఇప్పుడే వెనక వరసలోంచి చీటీ మీద వచ్చింది. చదువుతాను. "లోపలి విభేదాలు బయటపడితే రిజిస్ట్రేషన్ రద్దు చేయించడానికి కాచుకున్నవాళ్లకు మనమే అందించినట్టు కాదా?" ఈ భయం ఉత్తిది కాదు. రిజిస్ట్రేషన్లు పోయిన సంస్థలు ఎన్నో ఉన్నాయి. కానీ దాచాల్సింది ఏదో, దాచకూడనిది ఏదో వేరుచేసుకుందాం. మన దగ్గరికి వచ్చిన స్త్రీ పేరు, ఊరు, ఆమె కేసు వివరం ప్రాణం పోయినా బయటికి రాకూడదు, సర్వసభ్య సమావేశంలో కూడా రాకూడదు. మన జమాఖర్చులు, జీతాల పట్టిక, నిధుల షరతులు, దారి మార్చుకోవాలన్న ఆలోచన, వీటిలో దాచాల్సింది నాకేమీ కనిపించదు. లెక్కలు ప్రభుత్వానికి ఎలాగూ ఏటా పంపుతున్నాం. ప్రభుత్వానికి తెలిసి, నిధులిచ్చేవాళ్లకు తెలిసి, మన సంఘంలోని సభ్యురాలికి మాత్రమే తెలియని గుట్టు ఎవరిని కాపాడుతుందో చీటీ రాసిన మిత్రురాలు చెప్పాలి.

మధ్యాహ్నం గ్రూపు చర్చలకు ముందు నిర్వాహకులు మీకొక కాగితం ఇస్తారు. మన సమాఖ్య పోయిన మూడేళ్ల జమాఖర్చు, వచ్చే మూడేళ్లకు రాసిన ప్రపోజల్, రెండూ తెలుగులో ఉన్నాయి. ప్రపోజల్ ఇంకా పంపలేదు, పంపడానికి నెలన్నర గడువుంది. చదవడం రానివాళ్లకు ప్రతి గ్రూపులో ఒకరు చదివి వినిపిస్తారు. నాలుగో పేజీలో కౌన్సెలింగ్ సెంటర్ల సంఖ్య తగ్గించే ప్రతిపాదన ఉంది. చర్చ దానితో మొదలుపెట్టండి. కార్యవర్గ సభ్యులు గ్రూపుల్లో కూర్చోరు, పక్క గదిలో ఉంటారు, పిలిస్తే వస్తారు.