లంబరేనే వైద్యశాల

గ్రామపెద్దలారా! ఊరిలో బడియో సత్రమో కట్టినపుడు దాత పేరు రాతిపై చెక్కింతుము. మన్ను మోసినవారి పేరు చెక్కింపము. ఆఫ్రికాలోని యొక కట్టడపు వృత్తాంతమును ఈ సందర్భమున విన్నవించెదను.

క్రైస్తవ పండితుడగు ఆల్బర్ట్ ష్వైట్జరు ముప్పదవ యేట వైద్యము నేర్వ మొదలిడి, 1913లో సతీసమేతుడై, నేటి గాబన్ దేశమున ఒగోవే నదీతీరమందలి లంబరేనే చేరెను. పాత కోళ్లగూడే ఆయన తొలి వైద్యశాల.

1925లో కరవును, రక్తవిరేచనముల జాడ్యమును కూడివచ్చెను. అంటురోగులను వేరుగ నుంచుటకు గదులు లేవు. అందుచే ఆయన నదికి ఎగువన క్రొత్త వైద్యశాల కట్ట పూనుకొనెను. కూలీలు చాలకపోగా, రోగుల బంధువులును, కోలుకొన్నవారును తిండి పుచ్చుకొని అడవి నరికిరి. వైద్యుడే మేస్త్రీ యయ్యెను. వరదనీరందని గుంజలపై రేకుల కప్పుల ఇండ్లు లేచెను.

ఒకనాడు దుంగలు మోయ రమ్మనగా, తెల్లబట్టల యువకుడొకడు తాను చదువరిననియు, అది తన పని కాదనియు పలికెనట. చదువరి కావలెనని తానును యత్నించి విఫలుడైతినని ష్వైట్జరు బదులు చెప్పెను. అప్పటికే ఆయన మూడు శాస్త్రములందు పట్టభద్రుడు!

1927 జనవరిలో రోగులు క్రొత్త ఇండ్లు చేరిరి. ఆఫ్రికావారిని ఆయన సమానులుగ గాక తమ్ములుగ నెంచెనను విమర్శ కలదు. అది త్రోసివేయదగినది కాదు. 1952 సంవత్సరపు నోబెల్ శాంతి బహుమానము ఆయనకు దక్కెను. దుంగలు మోసినవారి పేళ్లు లోకమెరుగదు.

మీ యూరి శిలాఫలకమున వారికిని ఒక పంక్తి యుంచుడని నా మనవి.