చుట్ట, ఉప్పు, బొక్కసము



విద్యానిధిని గూర్చి యుపన్యసింపుడని కార్యదర్శిగారు నన్ను కోరిరి. వైద్యవ్యయమును గూర్చి మాటాడుటకు వారి యనుమతి వేడితిని. ఈ రెండును వేరు కావని నా మనవి.

2007వ సంవత్సరమున నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఆరోగ్యశ్రీ ప్రారంభింపబడెను. గుండె శస్త్రచికిత్సలు, కాన్సరు చికిత్సలు పేదలకు ఉచితముగా లభించుట గొప్ప మేలే. కాని "ఉచితము" అను మాట రోగి పట్ల సత్యము. బొక్కసము పట్ల గాదు. ఆ పైకము మనము కట్టిన పన్నులలోనిదే గదా!

డయాలిసిస్ సంగతి చూడుడు. మూత్రపిండములు చెడినవాడు వారమునకు రెండు మూడు మారులు, మారునకు సుమారు నాలుగు గంటలు యంత్రము నొద్ద పరుండవలెను. మూత్రపిండ మార్పిడి జరుగనిచో ఇది జీవితాంతము తప్పదు. ఈ దుస్థితికి ముఖ్యకారణములు మధుమేహమును, రక్తపు పోటును. దినమునకు 5 గ్రాముల కంటె తక్కువ ఉప్పు వాడుడని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా చిన్న చెంచాడు. ఆవకాయ, అప్పడము, ఊరమిరపకాయ ఒక విస్తరిలో చేరినచో ఆ లెక్క యేమగునో గృహిణులకు నేను చెప్పనక్కరలేదు. ఆవకాయను విడువుడని మాత్రము నేననను. అన్నచో మీరు నన్నీ వేదిక దిగనీయరు.

అయినను రోగుల నందరిని దోషులుగా నెంచుట యన్యాయము. ఉద్దానములో వేలమందిని పీడించు మూత్రపిండ వ్యాధికి కారణమిదియని నేటికిని నిశ్చయింపబడలేదు. మన చేతిలో నున్నదానిని గూర్చియే నా మాట.

శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలో నుంచుకొని పీల్చు వాడుక గలదు. దానిని అడ్డపొగ యందురు. దానివలన అంగిటికి కాన్సరు వచ్చును. మా మేనత్తకు అంగిటిపై తెల్లమచ్చ కనబడినను, "వేడి చేసినది" అని రెండేండ్లు ఊరకుంటిమి. తుదకు శస్త్రచికిత్స ప్రభుత్వ వ్యయముననే జరిగెను. కాని తల్లిని కనిపెట్టుకొని యుండుటకై ఆమె కుమార్తె కళాశాల మానెను, మరల చేరలేదు. మన విద్యానిధి ఆ పిల్లకు వేతన మిచ్చుచుండెడిది. ఆ నష్టమును ఏ పథకము చెల్లించును?

కావున వివాహములలో తాంబూలపు పళ్లెరమున సిగరెట్లుంచు ఆచారమును మానవలెనని తీర్మానము ప్రతిపాదించుచున్నాను. రేపు భోజనశాల వాకిట రక్తపు పోటును, చక్కెరను పరీక్షించుటకు ఇద్దరు వైద్యులు కూర్చుందురు. పోషకులు ముందుగా రావలెను. వారి వెనుక మిగిలినవారు తప్పక వత్తురు.