జమ్మియాకు దగ్గఱ ఆగిన పుస్తకము

గ్రంథాలయ రజతోత్సవ వేళ గ్రంథముల గొప్పతనమును చెప్పువారు పెక్కురు కలరు. ఈ ప్రసంగము గ్రంథప్రియుడను ఒక జీవిని గూర్చినది. ఇట్టివాడు ప్రతి గ్రామమునను ఒక్కడైన నుండును. ఇంటివారు వానిని సహింతురు. ఇరుగుపొరుగువారు వానికి పని చెప్పుట మానుకొందురు.

ఈ చెప్పబోవు గ్రంథప్రియుడు భాద్రపద మాసముననే దసరా సెలవులకు పుస్తకములు కూర్చుకొనును. గ్రంథాలయమునుండి తెచ్చినవి రెండు, మిత్రుని యింట అడిగి తెచ్చినవి రెండు, అడుగక తెచ్చినది ఒకటి. పనిదినములలో ఆతడు బస్సులో చదువును; గిర్నీకడ పిండి పట్టించుచు చదువును; బావికడ మోటరు నడచుచుండగా ఒడ్డున కూర్చుండి చదువును. ఇట్లు దొంగిలించిన కాలముతో ఏడాదికి పదిపుస్తకములు ముగించుచుండును గాని, సెలవులలో ఒక్కటియైన ముగించినట్లు దాఖలా లేదు.

కారణము కలదు. పెతరమాసనాడు ఎంగిలిపూల బతుకమ్మతో ఇంటి పంచాంగము మాఱిపోవును. తెల్లవారకమున్నే తంగేడుపూవునకు, గునుగుపూవునకు చెలకలవెంట తిరుగవలెను. గునుగుపూలకు రంగు లద్దవలెను. అద్దినవాని చేతులు పుస్తకము ముట్టుటకు పనికిరావు. వేములవాడలో సద్దుల బతుకమ్మను ఏడవనాడే ఆడుదురు; తక్కిన యూళ్లలో పెక్కింట తొమ్మిదవనాడు. వేములవాడలో మెట్టిన చెల్లెలు అచట సద్దులు ముగించుకొని పుట్టింట మరల సద్దులకు వచ్చును. ఆమెకు రెండు పండుగలు; అన్నకు బస్సుస్టాండునకు రెండుమార్లు నడక, ఏలయన మొదటి బస్సులో ఆమె ఎన్నడును రాదు.

నడుమ మూలా నక్షత్రము వచ్చును. బాసరలో ఆనాడు జ్ఞానసరస్వతి సన్నిధిని అక్షరాభ్యాసము చేయించుటకు తల్లిదండ్రులు పసివాండ్రతో బారులు తీరుదురు. ఆ సమయముననే మన యిండ్లలో పుస్తకములను పూజలో పెట్టుదురు. పెట్టినవానిని దశమినాడు గాని తీయరాదని ఈ యింటి నియమము. పిల్లలు మిక్కిలి భక్తితో ముందుగా లెక్కల పుస్తకమునే తెచ్చి పెట్టుదురు. గ్రంథప్రియుడు చదివి ముగించిన వానిని పీటనిండ పేర్చి, చదువవలసిన దానిని దిండుక్రింద దాచును. పాండవులు ఆయుధములను జమ్మిచెట్టుపై దాచిరి. ఈతని దాపరికము అంత ఘనమైనది కాదు.

పోయినయేడు దిండుక్రిందికి చేరినది తిక్కన సోమయాజి విరాటపర్వము. తిక్కన భారతమును విరాటపర్వముతోనే మొదలుపెట్టినాడు గావున, ఆ పెద్ద పొత్తములలో దానిని ముందు చదువుట న్యాయమేనని గ్రంథప్రియుని వాదము. సద్దులనాటి సాయంకాలము ఆడువారందఱు బతుకమ్మల నెత్తుకొని చెఱువుకడకు పోయిరి. ఇల్లు నిశ్శబ్దమయ్యెను. ఏడాదిగా వేచిన గడియ ఇదియేనని ఆతడు దీపముక్రింద కూర్చుండి పుస్తకము తెఱచెను. అందు ఎండిన జమ్మియాకు ఒకటి కనబడెను. అది అంతకు ముందటి దసరాకు ఆతడే పెట్టినది. ప్రథమాశ్వాసములో పాండవులు ఆయుధములను జమ్మిచెట్టున కట్టిన చోట ఆగినది ఆగినట్లే యున్నది. ఆ పుస్తకము ఏడాది పొడవునను గ్రంథాలయముననే యుండెను; మఱి యెవరును దానిని తెఱచినట్లు లేదు. ఇది గ్రంథాలయమువారు కొంచెము ఆలోచింపవలసిన సంగతి.

మోకాళ్ల నొప్పితో చెఱువుకు పోలేని తల్లి అరుగుపై కూర్చుండి దూరమునుండి వచ్చు పాటలు వినుచుండెను. ఆమెకు అక్షరము రాదు. బతుకమ్మ పాటలు మాత్రము తెల్లవార్లు పాడగలదు. పుటలు తిరుగు చప్పుడు విని, "ఏమిరా, లోపల్లోపల్నే సదువుకుంటవు? మాకు ఇనబడేటట్టు సదువరాదు?" అనెను.

"పూజలో పెట్టవలసిన పుస్తకమమ్మా," అనెను కొడుకు, నేరము ఒప్పుకొనుచు.

"పెట్టనిదే మంచిగాయె. సదువు."

చదివెను. ఒక పద్యము, దాని కర్థము, అర్థముమీద ప్రశ్న, మరల పద్యము. శ్రీరాంపురము బొగ్గుగనిలో పనిచేయుచు పండుగకు వచ్చిన ప్రక్కయింటివాడు వచ్చి గోడవారగా కూర్చుండెను. భీముడు వలలుడను పేర విరాటుని వంటశాలలో చేరినాడని వినగానే, "అంటే మారుపేరుతోని డ్యూటీ ఎక్కిండన్నట్టు!" అనెను. ఇట్టి వ్యాఖ్యానము ఏ టీకలోను దొరకదు.

ఆతడే తరువాత, "లైబ్రరీ ఎప్పుడు తీస్తరు? నాకు గూడ ఒక బుక్కు గావాలె," అని యడిగెను.

"పండుగ సెలవులు కదా, ఏకాదశి దాటినాక."

"అప్పటికి నేను బాయికాడ ఉంట."

ఈ మాటకు గ్రంథప్రియునికడ బదులు లేదు. గనులనుండి, భివండి మగ్గములనుండి, గల్ఫునుండి ఊరివారు ఇంటికి వచ్చునది ఆ నాలుగు దినములే. గ్రంథాలయమునకు తాళము పడునదియు ఆ నాలుగు దినములే. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకములను మోసికొని ఊరూర తిరిగి అమ్మినాడు. చదువరి వచ్చుదాక కూర్చుండలేదు. గంగాధర మండలములో కుర్క్యాల బొమ్మలగుట్టపై పంపకవి సోదరుడు జినవల్లభుడు పదవ శతాబ్దిలో చెక్కించిన తెలుగు కందపద్యములు నేటికిని తాళము లేకయే యున్నవి. ఆ గుట్టకు పండుగ సెలవు లేదు, చందాయు లేదు. పండుగ దినములలో పూటకు ఒక గంటయైన తలుపు తెఱచుటకు కార్యవర్గమువారు పూనుకొన్నచో, తాళపుచెవి పట్టుకొని కూర్చుండుటకు ఈ గ్రంథప్రియుడు ముందుకు వచ్చును. వచ్చినవారికి పుస్తకము ఇచ్చునో, తానే చదువుచు కూర్చుండునో మాత్రము చెప్పుట కష్టము.

ఆ రాత్రి చెఱువునుండి ఆడువారు మలీద ముద్దలతో తిరిగి వచ్చుసరికి చదివినవి పండ్రెండు పుటలు. దశమినాడు కొత్త జమ్మియాకును ఆ పుటలో పెట్టి పాతదానిని తీసివేసెను. ద్వాదశినాడు గ్రంథాలయము తెఱచిరని విని, గడువు మీఱినదను భయముతో పుస్తకమును సంచిలో వేసికొని బయలుదేఱగా, తల్లి అరుగుమీదనుండి పిలిచెను.

"ఆయుధాలు ఇంక చెట్టుమీదనే ఉన్నయి గదరా! అప్పుడే ఎట్ల ఇచ్చొస్తవు? మల్ల రాయించుకొని తే."